తలకట్లు తర్వాత

ఆగస్టు 11

మేస్త్రీకి కాలి కట్టు వేసి ఇవాళ్టికి పన్నెండు రోజులు. తొడ ఎముక. రెండేసి మెట్లు దూకుతూ దిగింది, మూడో దూకుడికి కింద పడింది. డాక్టరు మూడు నెలలు అన్నాడు. మా ఆవిడ నాలుగు అనుకోమంది. హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేసే మనిషి కదా, డాక్టర్లు ఏ లెక్క చెప్పినా దానికి ఒక నెల కలుపుకుంటుంది.

మేస్త్రీ అంటే నా కూతురు. ఏడేళ్ళు, రెండో తరగతి. మాటలు వచ్చినప్పటి నుంచి అందరికీ పనులు పురమాయించడమే గానీ తను చేసింది లేదు. అందుకే ఆ పేరు. ఇప్పుడు మంచం దిగకుండా పురమాయించే యోగం పట్టింది. ఇవాళ పొద్దున్నుంచి నాలుగుసార్లు మంచినీళ్ళు, రెండుసార్లు దిండు, ఒకసారి గోడ మీది బల్లిని వెళ్ళిపొమ్మని చెప్పడం. బల్లి ఒక్కటే మాట వినలేదు.

ఆగస్టు 13

స్కూలు నుంచి ఫోన్. హెడ్‌మిస్ట్రెస్ స్వయంగా చేసింది. పిల్లని జనవరిలో పంపండి, కానీ అప్పటికి తన క్లాసు వాళ్ళతో సమానంగా రాయడం రావాలి, లేకపోతే ఒకటో తరగతిలో కూర్చోబెడతాం అంది. చదివించి చూస్తే పిల్లలు పాఠం బట్టీ పట్టి వచ్చేస్తున్నారట. అందుకని ఆవిడ డిక్టేషన్ ఒక్కటే నమ్ముతుందట. పది వాక్యాలు చెబుతుంది. ఆరు రాయాలి.

బుద్ధి గడ్డి తిని ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. మేస్త్రీ మొత్తం విన్నది. ఒకటో తరగతి బల్లలు పొట్టివి నాన్నా, నా కాలు పట్టదు అంది. తర్వాత, క్లాసులో తన పక్కన కూర్చునే పిల్ల మేస్త్రీ చోటులో బ్యాగు పెట్టి ఎవర్నీ కూర్చోనివ్వడం లేదట, ఆ పిల్లకి ఏమని చెప్పాలి అని అడిగింది.

దిండు సర్దాను.

ఆగస్టు 14

పగలంతా ఇంట్లో ఉండేది నేనే. కాబట్టి పంతులుద్యోగం నాకు పడింది. ఇరవై రెండేళ్ళుగా అక్షరాలు రాసి బతుకుతున్నారు, కన్నకూతురికి నాలుగు నేర్పలేరా అంది మా ఆవిడ. మెచ్చుకుందో ఎత్తిపొడిచిందో తెలియలేదు.

నిజమే. నేను బోర్డులు రాసేవాణ్ణి. ఫ్లెక్సులు వచ్చాక పని సగానికి సగం పడిపోయింది. పెయింటు డబ్బాలూ, రేకులూ అన్నీ ముందు గదిలోనే పెట్టుకుని వచ్చిన ఒకటీ అరా ఆర్డర్లు రాసుకుంటున్నాను. టైముకేం కొదవ లేదు.

ఆగస్టు 20

మా ఆవిడ హాస్పిటల్ ప్రింటర్లో యాక్టివిటీ షీట్లు తీసి తెచ్చింది. నలభై ఉన్నాయి. మొదటి షీటులో 'క'తో మొదలయ్యే బొమ్మల చుట్టూ సున్నా చుట్టాలి. కాకి, కుక్క, కుర్చీ, మధ్యలో మాయ చేయడానికి ఒక పిల్లి. మేస్త్రీ సున్నాలు చుట్టలేదు. అన్నిటి కాళ్ళకీ కట్లు కట్టింది. కుర్చీకి నాలుగు కాళ్ళకీ కట్టింది. కుర్చీది పెద్ద యాక్సిడెంట్ అట.

షీట్లు వద్దులే అని నా సొంత తెలివి వాడాను. చీటీల మీద పేర్లు రాసి ఇంట్లో సామాన్లన్నిటికీ అంటించాను. తలుపు, అద్దం, బీరువా, ఫ్రిజ్, కిటికీ. సాయంత్రానికల్లా అన్నీ గడగడా చదివేసింది. నా కళ్ళు నెత్తికెక్కాయి. ఇంత తేలికా చదువంటే అనుకున్నాను.

ఆగస్టు 21

అనుమానం వచ్చి ఫ్రిజ్ చీటీ, కిటికీ చీటీ మార్చి అంటించాను. మేస్త్రీ ఫ్రిజ్ వైపు చూసి ఫ్రిజ్ అంది. కిటికీ వైపు చూసి కిటికీ అంది. పిల్ల చీటీని చదవడం లేదు, ఫ్రిజ్‌ని చదువుతోంది.

మా ఆవిడకి చెప్పలేదు. నిన్ననే గొప్పలు పోయాను.

సెప్టెంబర్ 2

ఇసుక పళ్ళెంలో వేలితో రాయించమని షీట్లలో ఉంది. పళ్ళెం పక్క మీద తిరగబడింది. ఇసుక కట్టు లోపలికి పోయింది. ఈ రోజు గురించి ఇంతకంటే రాయను.

సెప్టెంబర్ 9

మంచం ముందు గదిలోకి మార్చాం. నా పని కనబడుతుంది, దానికి కాలక్షేపం. కిటికీలోంచి ఎదురుగా ఏడు షాపులు. నాలుగు బోర్డులు నావి, మూడు ఫ్లెక్సులు. ఏవి నీవి నాన్నా అని అడిగింది. చూపించాను. నీవి పాతబడ్డాయి అంది. పాతబడడానికి ముందు అవి ఎన్నేళ్ళు నిలబడ్డాయో చెప్పాను. మేస్త్రీకి ఆ లెక్క పట్టలేదు.

కానీ ఒక ఉపాయం తట్టింది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు షట్టర్లు వేసేస్తారు. లోపల ఏం అమ్ముతారో కనబడదు. మేస్త్రీ ఆ షాపులకి ఎప్పుడూ వెళ్ళింది కాదు. బట్టీ పట్టడానికి ఏమీ లేదు. ఆ చివరి బోర్డు మీద ఏముందో నువ్వే చెప్పు అన్నాను.

అరగంట పట్టింది. ఒక్కో అక్షరం మీద ఆగింది, వెనక్కి వెళ్ళింది, మళ్ళీ మొదటికొచ్చింది. నోటి దాకా వచ్చినా నేను అందించలేదు. తాళాలు బాగుచేయబడును. అది చదివేసరికి దాని మొహం చూడాలి. షట్టరు తెరిచే దాకా కాచుకుని కూర్చుని, నాలుగింటికి తాళాలాయన రాగానే కిటికీలోంచి కేకేసి, మీ బోర్డు మీద తాళాలు బాగుచేయబడును అని ఉంది అని చెప్పింది. ఆయన తలెత్తి చూసి, తెలుసమ్మా అన్నాడు.

సెప్టెంబర్ 10

ఏడు బోర్డులూ అయిపోయాయి. ఇంకో వీధి కావాలట.

సెప్టెంబర్ 26

చాలా రోజులకి ఆర్డర్ వచ్చింది. పళ్ళ డాక్టరుది, ఆరడుగుల రేకు. మేస్త్రీ మంచం మీద నుంచి సూపర్‌విజన్. మొదటి వరుస అయ్యాక, ఈ అక్షరాలన్నీ బోడిగా ఉన్నాయేంటి నాన్నా అని అడిగింది.

మా పని అంతే. పార్టీ, అంటే బోర్డు రాయించుకునే మనిషి, రాసిచ్చిన చీటీ కళ్ళెదురుగా పెట్టుకుంటాం. గుండ్రం బ్రష్‌తో ముందు వరుస మొత్తానికి అక్షరాల ఒళ్ళు వేసేస్తాం. అది ఆరాక చదునుబ్రష్ తీసుకుని తలకట్లు, గుడులు, కొమ్ములు వరసగా పెట్టుకుంటూ పోతాం. అప్పుడే అన్నీ ఒకే చేతి వాటంతో పడతాయి. ఒక్కో అక్షరానికి బ్రష్ మారుస్తూ కూర్చుంటే ఒక తలకట్టు తూర్పుకి, ఒకటి పడమరకి చూస్తుంది. ఇదంతా వివరించాను. ఇంత శ్రద్ధగా నా మాట విన్న మనిషి ఈ ఇంట్లో ఇంకెవరూ లేరు.

నాకూ బ్రష్ కావాలి అంది. పాత బ్రష్, పాత రేకు ముక్క ఇచ్చాను. దుప్పటి మీద నీలం పెయింటు పడింది. పడనీ.

అక్టోబర్ 8

మేస్త్రీ సొంతంగా మొదటి వాక్యం రాసింది. ఎవరూ చెప్పలేదు, ఎక్కడా చూడలేదు. ముందు ఒళ్ళు మొత్తం వేసింది, నాలుక బయటపెట్టి ఆరేదాకా ఊదింది, తర్వాత తలకట్లు.

'నాన్నా టీ తాగి పని చెయ్యి.'

ఆ రేకు నా సుత్తి, మేకుల పక్కన గోడకి కొట్టుకున్నాను. టీ తాగి పని చేశాను.

అక్టోబర్ 19

ఇప్పుడు పెన్సిల్‌తో కాగితం మీద. రోజుకి పది వాక్యాలు నేను చెబుతాను, అది రాస్తుంది. పది అయ్యాక మొదటి వాక్యం దగ్గరికి వెళ్ళి తలకట్లు మొదలుపెడుతుంది. అక్షరాలు అచ్చు నావే. కాదు, నా వాటికంటే బాగున్నాయి, ఆ వయసులో నావి కోడి గెలికినట్టుండేవి.

మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చేసరికి పని సగంలో ఉంది. కాగితం చూసి ఇదేంటి, ఏ భాష అంది. చెప్పాను. స్కూల్లో ఇలా రాయరు కదండీ, ఒక్కో అక్షరం పూర్తి చేసుకుంటూ వెళ్ళమనండి అంది. నీకు రక్తం పరీక్షల సంగతి తెలుసు, అక్షరాల సంగతి నాకొదిలెయ్ అన్నాను. ఆవిడ చెప్పులు విప్పి వంటగదిలోకి వెళ్ళింది.

నవంబర్ 4

షీట్లు ఇంకా ముప్పై ఏడు మిగిలాయి. కాగితం మంచిది, బ్రష్‌లు తుడుచుకోవడానికి పనికొస్తోంది. మా ఆవిడ షీట్లు ఎంతవరకొచ్చాయి అని అడిగితే, వాడుతూనే ఉన్నాం అన్నాను. అబద్ధం కాదు.

డిసెంబర్ 3

కట్టు విప్పారు. కాలు సన్నబడి తెల్లగా ఉంది. మేస్త్రీ దాన్ని చూసి, ఇది నాది కాదు అంది. నెల కలిపిన లెక్క మా ఆవిడదే కరెక్టు. ఫిజియోథెరపీ ఆవిడ వచ్చి నడిపిస్తుంటే మేస్త్రీ ఆవిడకే అడుగులెలా వేయాలో చెబుతోంది. కొంచెం కుంటుతోంది. పోతుందట.

డిసెంబర్ 22

పదికి పది. వరసగా తొమ్మిదో రోజు.

డిక్టేషన్ ఎక్కువైతే విసుగొస్తుందని మధ్యలో దానిచేత నాకు చెప్పిస్తున్నాను. తను చెబుతుంది, నేను రాయాలి. అదీ చదువేగా. ఇవాళ చెప్పిన వాక్యాల్లో ఒకటి, నాన్న మధ్యాహ్నం గురక పెడతాడు. రాశాను. నీట్‌గా రాయి అంది.

జనవరి 6, పొద్దున

తల దువ్వించుకుంది. పెన్సిల్ తనే చెక్కుకుంది. రెండు చెక్కింది, ఒకటి విరిగితే ఉండాలని. పక్క సీటు పిల్ల అక్కడే ఉంటుందా అని దారి పొడుగునా అడుగుతుందేమో.

జనవరి 6, మధ్యాహ్నం

ఒకటో తరగతి అట.

హెడ్‌మిస్ట్రెస్ బయటికొచ్చి మెల్లగానే చెప్పింది. మీ అమ్మాయి ఒక్క పదం కూడా రాయలేదండీ, ఏవో గీతలు గీసింది, ఇంట్లో ఎవరైనా చెప్పారా అసలు అంది.

ఆటోలో మేస్త్రీని అన్నాను. ఐదు నెలలు నేను నోరు అరిగేలా చెప్పిందంతా ఏ గంగలో కలిపావు, నా పరువు తీశావు అన్నాను. అది రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. ఒక్క పురమాయింపు కూడా లేదు.

ఇంటికొచ్చి అన్నం దగ్గర కూర్చున్నాక, కంచంలోకి చూస్తూ అడిగింది. నాన్నా, నా కాగితం ఆవిడ తీసేసుకుంది, తలకట్లు ఎప్పుడు పెట్టాలి అని.

పది వాక్యాలూ రాసిందట. ఒళ్ళు మొత్తం వేసేసిందట. పైకి వెళ్ళి తలకట్లు మొదలుపెట్టబోతుంటే టైం అయిపోయింది అని ఆవిడ కాగితం లాగేసుకుందట. ఇంకా అవ్వలేదు అని చెప్పావా అంటే, చెప్పబోయాను, ఆవిడ కాగితం చూసి మొహం అదోలా పెట్టింది, భయమేసింది అంది.

ఇంట్లో గడియారం పెట్టి ఎప్పుడూ రాయించలేదు. అక్షరాల సంగతి నాకొదిలెయ్ అన్నవాణ్ణి నేను. పిల్ల తప్పేం లేదు. నేను నేర్పింది నేర్పినట్టు చేసింది, ఎదుటివాళ్ళు ఆరేదాకా ఆగరని నేను చెప్పలేదు. పైగా ఆటోలో తిట్టాను.

బాత్రూంలోకి వెళ్ళి, చప్పుడు వినబడకుండా కుళాయి తిప్పి ఏడ్చాను. బకెట్ నిండి పొర్లిపోయింది. ఇది ఎవరికీ చెప్పను.

జనవరి 6, సాయంత్రం

మా ఆవిడకి తలకట్ల సంగతి చెప్పాను. నేను ముందే చెప్పాను కదా అంటుందని కాచుకుని ఉన్నాను. అనలేదు. బ్యాగు కింద పెట్టి, రేపు ఎన్నింటికి స్కూలు తెరుస్తారు అని అడిగింది. తర్వాత వెళ్ళి మేస్త్రీ పక్కన పడుకుంది.

మేస్త్రీకి సారీ చెప్పాను. నేనూ అరుస్తాను కదా అప్పుడప్పుడు అంది. క్షమించడం కూడా పురమాయించినట్టే ఉంటుంది దానిది.

జనవరి 7

హెడ్‌మిస్ట్రెస్ నమ్మలేదు. ప్రతి తండ్రి దగ్గరా ఒక కథ ఉంటుందండీ అంది, కోపం లేకుండా. నాకు ముక్కు మీద ఉంటుంది కోపం, దాన్ని అక్కడే పట్టి ఉంచి, మేడమ్, ఒక్క సుద్దముక్క ఇప్పించండి అన్నాను. ఏదైనా ఒక వాక్యం చెప్పమన్నాను. పిల్లలు వరండాలో ఆడుతున్నారు అని చెప్పింది. బోర్డు మీద ఒళ్ళు వేసి పక్కకి తప్పుకున్నాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసింది, చదవలేకపోయింది. అప్పుడు తలకట్లు, గుడులు, వత్తులు, వరసగా ఒక చివర నుంచి ఇంకో చివరకి పెట్టాను. ఆవిడ కాసేపు బోర్డునే చూసింది. ఇంత గుండ్రంగా మా టీచర్లెవరూ రాయరు అంది.

తర్వాత న్యాయమైన మాటే అంది. ఇది మీకు వచ్చని తెలిసింది, మీ అమ్మాయికి వచ్చని ఎలా తెలుస్తుంది అని. బీరువాలోంచి నిన్నటి కాగితం తీసింది. రేపు తీసుకురండి, ఇదే కాగితం ఇస్తాను, పూర్తి చెయ్యమనండి, వాక్యాలు మాత్రం మళ్ళీ చదవను అంది.

బయటికొచ్చాక గానీ నాకు ఆ మాట తలకెక్కలేదు. ఇరవై రెండేళ్ళలో నేను చీటీ చూడకుండా రేకు మీద ఒక్క తలకట్టు పెట్టలేదు. చీటీ పోతే పార్టీ దగ్గరికి మళ్ళీ వెళ్ళేవాణ్ణి. ఏడేళ్ళ పిల్ల, నిన్న ఒక్కసారి చెవిన పడ్డ పది వాక్యాలు, భయంలో విన్నవి, ఆ బోడి అక్షరాల్లోంచి రేపు మళ్ళీ పైకి తియ్యాలి.

ఇంటికొచ్చి ఆ వాక్యాలు గుర్తున్నాయా అని అడగకుండా ఉండడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. అడిగితే నేర్పినట్టవుతుంది. అడగలేదు.

జనవరి 8

వరుసగా రాయాలి.

నన్ను గదిలోకి రానిచ్చారు గానీ వెనక కూర్చోమన్నారు. హెడ్‌మిస్ట్రెస్ కాగితం మేస్త్రీ ముందు పెట్టి, ఎంత టైం కావాలన్నా తీసుకో అంది. మేస్త్రీ కాగితాన్ని కాసేపు చూసింది. దాని పెదాలు కదులుతున్నాయి. తాళాల బోర్డు చదివినప్పుడు కూడా అలాగే కదిలాయి. వెనక్కి వెళ్ళింది, మళ్ళీ ముందుకొచ్చింది. నేను కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు పెన్సిల్ తీసుకుని మొదటి వరుస మొదట్నుంచి పెట్టడం మొదలుపెట్టింది. టిక్, టిక్, టిక్, టిక్. అచ్చు నా చేతి వాటమే. పక్క గదిలో ఎక్కాలు చెబుతున్నారు. దానికి వినబడినట్టు లేదు.

ఎనిమిది వాక్యాలు పూర్తి చేసింది. తొమ్మిదోది సగం పెట్టి ఆపింది. పదోది ముట్టుకోలేదు, బోడిగానే ఉంచింది. ఇవెందుకు వదిలేశావమ్మా అని హెడ్‌మిస్ట్రెస్ అడిగింది. సరిగ్గా గుర్తు రావట్లేదు మేడమ్, చీటీ లేకుండా ఊహించి పెట్టకూడదు, వేరే మాట అయిపోతుంది, బోర్డు పాడవుతుంది అంది మేస్త్రీ. ఇది నేను ఎప్పుడు చెప్పానో నాకే గుర్తులేదు. చెప్పే ఉంటాను.

హెడ్‌మిస్ట్రెస్ ఎనిమిదీ పైకి చదివింది. ఒక్కోదానికి రైటు కొట్టింది. చివరికి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. రెండో తరగతికే వెళ్ళు అంది. ఒక షరతు పెట్టింది. రేపట్నుంచి ఏ అక్షరానికా అక్షరం పూర్తి చేసి ముందుకు వెళ్ళాలి, ఇక్కడ అందరూ టైముతో రాస్తారు అంది. మేస్త్రీ ఆలోచించింది. మరి అందంగా ఎప్పుడు రాయాలి అని అడిగింది. ఇంట్లో అంది హెడ్‌మిస్ట్రెస్.

సరే అంది మేస్త్రీ, ఆవిడకేదో అనుమతి ఇస్తున్నట్టు.

బయటికొచ్చాక దాన్ని ఎత్తుకున్నాను. ఏడేళ్ళదాన్ని, అందరూ చూస్తుండగా. దించు నాన్నా, కాలు బాగానే ఉంది అంది. దించలేదు.

జనవరి 9

మొదటి రోజు. గేటు దగ్గర దింపాను. పక్క సీటు పిల్ల వరండాలోంచి చూసి లోపలికి పరిగెత్తింది, బ్యాగు తీయడానికే అయ్యుంటుంది. మేస్త్రీ కుంటుతూనే వేగంగా వెళ్ళింది. వెనక్కి తిరిగి చూస్తుందని చెయ్యి పైకెత్తి పెట్టుకున్నాను. చూడలేదు. చెయ్యి దించి, జుట్టు సర్దుకుంటున్నట్టు నటించాను.

ఇంట్లో ఎవరూ నీళ్ళు అడగలేదు. రేకు మీద ఒళ్ళు వేశాను, ఆరే లోపల ఏం చెయ్యాలో తోచలేదు.

జనవరి 21

స్కూలు నోట్‌బుక్ చూపించింది. ఏ అక్షరానికా అక్షరం పూర్తిగా ఉంది. తలకట్లు ఒకటి అటు, ఒకటి ఇటు. బాగుంది అన్నాను. బాగాలేదు. కానీ పదికి తొమ్మిది, టైముకి అయిపోయింది. నోట్‌బుక్ మూసి, తనే ఓదార్చినట్టు, ఆదివారం రేకు మీద రాద్దాంలే నాన్నా అంది.

జనవరి 27

పొద్దున బూట్ల లేసులు కడుతుంటే, నా చెవి దగ్గర వంగి మెల్లగా అడిగింది. ఆ రోజు బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చావా నాన్నా అని.

నేను ఎవరికీ చెప్పలేదు. ఈ డైరీలో తప్ప ఎక్కడా రాయలేదు.

మేస్త్రీ, మొత్తం చదివావా? చదివితే చదివావు. మీ అమ్మకి మాత్రం చెప్పకు.